గంటలకు గుడ్డ చుట్టిన మనిషి

మొన్న పొద్దున మా ఇల్లంతా మాడిన బెల్లం వాసన కమ్ముకుంది. పల్లీపట్టీల కోసం పాకం పెట్టిన మా చిన్న కోడలు పొయ్యి పక్కనే గోడకు ఒరిగి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని కునికిందట. గిన్నె నల్లబడింది, పొగ వసారా దాకా వచ్చింది. ఆమె మొగుడు, మా వాడు ఇంకా మంచం దిగకుండానే "ఒక్క పనన్న సక్కగ చెయ్యవా?" అని లోపలినుంచి కేకలు మొదలుపెట్టాడు. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి నేను కుర్చీలో కూలబడిపోయాను. ముసలాయనకు పొగ పడలేదనుకుని ఎవరో కిటికీలు తెరిచారు. నన్ను కూలబెట్టింది పొగ కాదు, గంగారామన్న. ఆయన ఎవరో మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకప్పుడు కామారెడ్డి బజారులో "గంగారాం బెల్లం ఉన్నదా?" అని అడిగి మరీ కొనేవాళ్లు. వాళ్లలోనూ చాలామంది ఆయన ముఖం ఎరగరు.

అవి నిజాంసాగర్ కట్టిన కొత్త రోజులు. కాలువ కిందివాళ్ల చెరకు చూసి, ఎల్లారెడ్డి దగ్గరి మా ఊళ్లో మా పెద్దబాపుకు కూడా ఆశ పుట్టింది. మా బాపు నా చిన్నప్పుడే పోతే మమ్మల్ని సాకింది ఆయన అన్న, ఈ పెద్దబాపే. ఆయన మాటకు ఇంట్లో ఎదురు లేదు. బావుల కింద చెరకు పెట్టాడు, పంట బాగానే వచ్చింది. చిక్కంతా గానుగతోనే. చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ ఇనుప గానుగ ఒక్కటే. అది వంతుల మీద తిరుగుతుంది. మన చేనుకు వచ్చిందంటే చెరకంతా ఆడేదాకా రాత్రీ పగలూ తిప్పవలసిందే. లేకపోతే తరువాతి ఊరివాళ్లు బండి కట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చుంటారు. కొట్టిన చెరకు ఎండిపోతుంది, పిండిన రసం పులిసిపోతుంది. అందుకని గానుగ వచ్చిన రోజుల్లో మా ఇంట్లో నిద్ర అనే మాట ఎత్తడమే తప్పుగా ఉండేది.

ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతుంటే, నడుమ ఒకడు కింద కూర్చుని ఇనుప రోళ్ల మధ్యకు చెరకు అందిస్తాడు. రసం కాలువ కట్టి పెద్ద కడాయిలోకి పోతుంది. కడాయి కింద చెరకు పిప్పితో మంట, కడాయి పక్కన పాకం పట్టే మనిషి. ఆ పాకం పట్టేందుకే పెద్దబాపు గంగారాంను మరాఠా సరిహద్దున ఉన్న డోంగ్లి వైపునుంచి పిలిపించాడు. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే పొడుగాటి మనిషి, నాకంటే పది పదిహేనేళ్లు పెద్ద. నాకు అప్పటికే పెళ్లయింది. గానుగ దగ్గర మావాళ్ల తరఫున నన్ను నిలబెట్టారు. ఆయన వచ్చి మూట దించగానే అందరినీ అడిగినట్టే "అన్నం తిన్నవా అన్నా?" అని అడిగాను. "తిన్న తమ్మీ. నువ్వు పండుకున్నవా?" అన్నాడు. పొద్దున్నే ఇదేం ప్రశ్న అని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా కళ్లలోకి చూసి జవాబు కోసం ఆగాడు. తరువాత తెలిసింది, ఎవరు ఎదురైనా ఆయన పలకరింపు అదేనని. ఊళ్లో ఆయనకు 'పండుకున్నవా గంగారాం' అని పేరు పడిపోవడానికి వారం కూడా పట్టలేదు. నేనూ అలాగే ఎగతాళి చేశాను, ఎందుకు చెయ్యను?

వచ్చిన రెండోరోజు మధ్యాహ్నమే పెద్దబాపుతో ఆయనకు మాట పడింది. గానుగకు చెరకు అందిస్తున్నవాడు సాయిలు, మా ఇంటి జీతగాడు. ముందురోజునుంచి అక్కడే ఉన్నాడు. గంగారామన్న కడాయి దగ్గరినుంచే సాయిలు చేతిని చూస్తున్నాడు. చెరకు గడను మూర పొడుగుండగానే వదిలెయ్యాలి, మిగతాది రోళ్లే లాక్కుంటాయి. సాయిలు చెయ్యి మాత్రం గడతోపాటు ఇంకా ఇంకా ముందుకు పోతోంది. పెద్దబాపు ఆ సమయానికే ఎడ్లను విప్పించి వేరే జత కట్టిస్తున్నాడు.

"ఎడ్లనెందుకు మారుస్తున్నవ్ పటేలా?" అన్నాడు గంగారామన్న.

"అలుస్తయి గద!"

"సాయిలు అలువడా?"

"వాడు మనిషాయె. ఎట్లనో ఓర్చుకుంటడు."

"గదే కష్టం పటేలా. ఎద్దు అలిస్తే నిలవడ్తది, కొట్టినా కదలదు. మనిషి నిలవడడు. నిద్రలనే పని చేస్తనే ఉంటడు. చెరకేదో, చెయ్యేదో వానికి ఎర్కుండదు."

పెద్దబాపు విప్పిన ఎడ్లను తోలుకుని వెళ్లిపోయాడు. గంగారామన్న గరిటె నాకిచ్చి, సాయిలును జబ్బ పట్టుకుని లేపి, బండి నీడలోకి తోసి వచ్చాడు. సాయిలు పడుకోలేదు, పడిపోయాడు అనాలి. ఆ పూట చెరకు నేను అందించాను. "ఇది నీ పాళీ తమ్మీ" అన్నాడాయన. ఆ మాట నేను మొదటిసారి వినడం అప్పుడే. మేము వంతు అనేవాళ్లం, బారీ అనేవాళ్లం. పాళీ ఆయన వెంట వచ్చిన మాట.

అది ఎక్కడినుంచి వచ్చిందో ఇంకొకనాడు ఎండలో రొట్టె తింటూ చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన మరాఠా దేశంలో ఏదో బట్టల మిల్లులో పనిచేశాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచ అని, మిల్లు సైరనును భోంగా అని అంటారట. "ఆడ భోంగా కూయంగనే ఒకడు సాంచ దిగుడు, ఇంకొకడు ఎక్కుడు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. పానం పగటికి అలవాటు పడంగనే రాత్రికి మార్తురు. ఏండ్లకేండ్లు గట్లనే. ఏ పూట నిద్రొస్తదో నాకే తెల్వకుంట పోయింది" అన్నాడు. మరి ఎందుకు విడిచిపెట్టావని అడిగాను. "నా పక్క సాంచ మీదోని వేళ్లు పొయినయి. వాడు ముందుగాల ఏడ్వలే తమ్మీ. ఆవలించిండు. ఆవలించినంక చెయ్యి చూసుకున్నడు. గది చూసి మూట కట్టుకున్న." చేతిలో రొట్టె ముక్క నేను పక్కన పెట్టేశాను. ఆయన మాత్రం మామూలుగా తిని చెయ్యి కడుక్కున్నాడు.

నిద్రలేని మనిషి ఎంత చెడ్డవాడవుతాడో కూడా అక్కడే చూశాను. ఒకనాడు నీళ్ల కుండ ఎవరు ఖాళీ చేశారన్న దాని మీద సాయిలు నా మీదికి చెరకు కొట్టే కత్తి ఎత్తాడు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నోట్లో మాట ముద్ద ముద్దగా వస్తోంది. నాకూ ఒళ్లు మండిపోయి పిడికిలి బిగించాను. గంగారామన్న మా ఇద్దరి మధ్యకు వచ్చి తాపీగా కత్తి తీసుకున్నాడు. "ఇది సాయిలు మాట కాదు, నిద్ర మాట. నీది గూడ గంతే. పండుకోని లేచినంక గిదే కొట్లాట పెట్టుకోండ్రి, నేనడ్డం రాను" అన్నాడు. నిద్ర లేచాక కుండ సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆ తరువాత నా జీవితంలో ఎవరు నా మీద అరిచినా, మొదట వాళ్ల కళ్ల కింద చూడడం నాకు అలవాటైంది.

ఇక గంటల సంగతి. మా ఎడ్ల మెడలకు ఇత్తడి గంటలుండేవి. అవి ముద్దుకు కట్టినవి కావు. పెద్దబాపు ఇంట్లో అరుగు మీద కూర్చుని ఆ గంటలు వినేవాడు. గంట మోగుతోందంటే గానుగ తిరుగుతున్నట్టు. ఆగిందంటే ఆయన కర్ర పట్టుకుని చేనుకు వచ్చేవాడు. రాత్రి పాళీ చేసినవాళ్లు పగలు బండ్ల కింద తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని పడుకుంటే, ఆ గంటలు చెవి పక్కనే గణగణమనేవి. పగటి నిద్ర అసలే పలచన, ఈగ వాలినా విరిగిపోతుంది. గంగారామన్న తన పాత ధోవతి చింపి, ఒక్కొక్క గంట నాలుకకూ గుడ్డ చుట్టించాడు. చేను ఒక్కసారిగా సద్దుమణిగింది. కాసేపటికే పెద్దబాపు రొప్పుకుంటూ వచ్చాడు.

"గంటలేమైనయి?"

"పండుకున్నోళ్లున్నరు పటేలా."

"పండుకునేటందుకే పెట్టుకున్ననా మిమ్ముల? గంట ఇనవడకుంటె గానుగ నడుస్తుందో లేదో నాకెట్ల ఎర్క?"

చాలాసేపు వాదులాడుకున్నారు. చివరకు పెద్దబాపు ఒక షరతు పెట్టాడు. "సరే, మనుషుల మార్చుకో. గంటలు మూసుకో. గని కడాయి కాడినుంచి నువ్వు కదలద్దు. నువ్వాడ నిలవడ్డవంటె గానుగ నడుస్తున్నట్టే నాకు." గంగారామన్న ఒకసారి బండ్ల కింద పడుకున్నవాళ్ల వైపు చూశాడు. "అట్లనే కానియ్యి పటేలా" అన్నాడు. అంతే. తన నిద్ర ఇచ్చి మా నిద్ర కొన్నాడు. ఆ బేరం నా కళ్లముందే జరిగింది. మేమంతా సంతోషించాం కూడా.

ఆ సాయంత్రం నేను అడిగాను, "మరి నీ పాళీకి ఎవరొస్తరు అన్నా?" అని. "నువ్వొస్తవు. పాకం నేర్సుకో" అన్నాడు. నేర్చుకున్నాను. ఏటా గానుగ వచ్చిన ప్రతిసారీ ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నాను. బుడగలు చిన్నవిగా ఉన్నంతసేపు తొందర లేదు. అవి పెద్దవై మెల్లగా పగలడం మొదలైతే ఇక కన్ను తిప్పకూడదు. నీళ్లలో చుక్క వేసి వేళ్లతో ఉండ చేసి చూడాలి. ఒక్క అర నిమిషం ఎక్కువైతే మాడు, తక్కువైతే ముద్ద కట్టదు. మనిషికి నిద్ర ముంచుకొచ్చేదీ సరిగ్గా అప్పుడే. ముఖానికి వేడి ఆవిరి, ముక్కుకు తీపి వాసన, చెవికి ఒకే తీరుగా ఉడికే చప్పుడు. ఆయన కడాయి పక్కన పీట కూడా ఉండనిచ్చేవాడు కాదు. "కూసుంటె పోయినట్టే" అనేవాడు. రోజుల తరబడి నిలబడే ఉండేవాడు. కళ్లలో నీళ్లు చల్లుకునేవాడు, మెడకు తడిగుడ్డ వేసుకునేవాడు. రానురాను ఆయన చేతిలోంచి గరిటె జారడం, చెప్పిన మాటే మళ్లీ చెప్పడం మేమందరం చూశాం. మా ఎవరినీ ఒక్క మాట కసిరింది మాత్రం లేదు.

ఒక ఏడు పట్టపగలు ఒక కడాయి పాకం మొత్తం నేనే దించాను. ఆయన చేతులు కట్టుకుని చూశాడు, అంతే. పెద్దబాపు ముక్క విరిచి నోట్లో వేసుకుని "మంచిగున్నది" అన్నాడు. అది నేను పట్టిన పాకమని చెప్పగానే ముఖం మారింది. "కామారెడ్డిల గంగారాం బెల్లమని అడుగుతరు. నీ బెల్లమని ఎవరడుగుతర్రా?" అన్నాడు. గరిటె మళ్లీ గంగారామన్న చేతికే పోయింది. నాకు అవమానం కొంత, ఆ మనిషికి ఇక విడుదల లేదన్న భయం అంతకంటే ఎక్కువ. బతిమాలాను, పోట్లాడాను, పెద్దమ్మ చేత చెప్పించాను. పెద్దబాపు వినలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎడ్లు కాస్త కుంటితే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి.

ఆ తరువాతి ఏడు, చెరకు ఇక ఆఖరికి వచ్చింది. తెల్లవారాక నేను గానుగ దగ్గరినుంచి లేచాను. గంగారామన్న ముఖం ఉబ్బి ఉంది, కళ్లు నన్ను చూస్తున్నాయి గాని నేను కనబడుతున్నట్టు లేదు. "నువ్వెప్పుడు పండుకుంటవు అన్నా?" అన్నాను. "ఈ కడాయి దిగనీ" అన్నాడు. ముందటి కడాయికీ అదే మాట, అంతకు ముందటి దానికీ అదే మాట. "నీ పాళీ అయింది తమ్మీ, పోయి పండుకో" అని నన్ను బండి కిందికి పంపాడు. నన్ను లేపింది కేక కాదు. వాసన. మొన్న మా ఇంట్లో వచ్చిన వాసనే.

కేక ఎందుకు వినబడలేదో సాయిలు తరువాత చెప్పాడు. "వంగి పాకం చూస్తున్నడనుకున్న. వంగుతనే ఉన్నడు." అరవలేదట. సాయిలే ఉరికి నడుము పట్టి వెనక్కి లాగాడు, అప్పటికే రెండు చేతులూ మోచేతుల దాకా పాకంలో మునిగాయి. ఉడికే నీళ్లయితే జారిపోతాయి. బెల్లం జారదు. చల్లారుతున్నకొద్దీ గట్టిపడి చర్మాన్ని పట్టుకుంటుంది. మేము కుండలకొద్దీ నీళ్లు పోస్తూనే ఉన్నాం, ఏం చేస్తున్నామో మాకే తెలియడం లేదు. ఎడ్లను ఆపాలని ఎవరికీ తోచలేదు. గుడ్డ చుట్టిన గంటలతో అవి తిరుగుతూనే ఉన్నాయి, రసం కడాయి అంచు దాటి మంటలో పడుతూనే ఉంది. పెద్దబాపే బండి కట్టి, నన్ను తోలమని, గంగారామన్న తల ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఏడుస్తూ ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకుపోయాడు. దవాఖాన మెట్ల మీద పెద్దబాపు నాతో అన్నాడు, "నిద్రొస్తుందని ఒక్క మాట చెప్పద్దా?" అని. "ఇన్నేండ్లు ఆయన చెప్పింది ఇంకేంది పెద్దబాపూ!" అని అరిచాను. ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. ఆయన తల దించుకున్నాడు. మరుసటి ఏటినుంచి మా పొలంలో చెరకు లేదు.

ఆ పొద్దున నేను నిద్రపోయానని నన్ను నేను తిట్టుకోలేదు. ఆ నిద్ర ఆయన కొనిచ్చింది, దాన్ని తప్పనడం ఆయనను తక్కువ చేయడమే. నాకు మిగిలింది కోపం. అది ఇంతకాలమైనా చల్లారలేదు.

గంగారామన్న బతికాడు. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పాకం ఉండ చేసి చూసే వేళ్లు. భార్య రుక్మవ్వతో కామారెడ్డి చేరి, బజారులో ఒక బెల్లం దుకాణానికి రాత్రి చౌకీదారుగా కుదిరాడు. నేను మొదటిసారి చూడబోయినప్పుడు తనే నవ్వి, "నిద్ర రానోనికి ఇంతకన్న మంచి కొలువు ఏడ దొరుకుతది తమ్మీ?" అన్నాడు. ఇన్నేళ్లు నిద్రను తోలేసీ తోలేసీ, ఇప్పుడు రమ్మని పిలిచినా అది రావడం లేదు. "మంచం మీద పండవెడ్త. ఉలిక్కిపడి లేచి కూసుంటడు. కడాయి పొంగుతుందంటడు" అని రుక్మవ్వ నా దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయనను చివరిసారి చూసింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. వడ్ల బండితో కామారెడ్డి వెళ్లాను. మంచి ఎండవేళ, దుకాణం మెట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. రాత్రి చౌకీదారు పగలెందుకున్నాడంటే, పగటి మనిషి పట్టాళంలో చేరిపోయాడట, ఇంకొకరిని పెట్టలేదట. రెండు పాళీలూ ఈయనవే. మనిషి చిక్కి సగమయ్యాడు. "పండుకున్నవా అన్నా?" అని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. ఊరందరినీ అడిగిన ప్రశ్న తనదాకా రావడం ఆయనకు అలవాటు లేదు. "నా పాళీకి ఎవరొస్తరు తమ్మీ?" అన్నాడు.

"నేనొచ్చిన" అని ఆయన చేతిలోని కర్ర తీసుకున్నాను.

లోపల గోనెసంచుల మీద పడుకోబెట్టి, మెట్టు మీద నేను కూర్చున్నాను. అది బండ్లు వచ్చే వేళ. ప్రతి బండికీ గంటలే. మొదటి బండి చప్పుడుకే లోపల ఆయన కదిలాడు. ఇక లాభం లేదని దారి మీదికి ఉరికి, వచ్చే ప్రతి బండివాణ్నీ ఆపి చేతులు జోడించాను, ఈ నాలుగడుగులు గంటలు పట్టుకుని నడవండయ్యా, లోపల ఒకాయన పండుకున్నడని. కొందరు తిట్టారు. కొందరు పిచ్చివాణ్నని నవ్వారు. భిక్నూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం ఎవరు, ఏమిటి అని అడగకుండా బండి దిగి, రెండెడ్ల గంటలూ రెండు పిడికిళ్లలో పట్టుకుని దుకాణం దాటేదాకా నడిచాడు. ఆయనకు నేను ఈ జన్మంతా రుణపడి ఉన్నాను. దీపాలు పెట్టే వేళకు గంగారామన్న కళ్లు తెరవకుండానే "కడాయి కాడ ఎవరున్నరు?" అని అడిగాడు. "నేనున్న అన్నా" అన్నాను. "అయితే మంచిదే" అని పక్కకు ఒత్తిగిలి మళ్లీ నిద్రపోయాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. కూర్చుని ఉండగానే పోయాడని రుక్మవ్వ చెప్పి పంపింది.

మొన్న పొద్దున కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లాను. మా కోడలు మాడిన గిన్నె ముందు నిలబడి ఉంది. వాళ్ల పసివాడికి జ్వరం వచ్చిన నాటినుంచి రాత్రులన్నీ ఒళ్లో వేసుకుని కూర్చున్నది ఆమె ఒక్కతే. నేను గిన్నె సంగతి అడగలేదు. "పండుకున్నవా బిడ్డా?" అన్నాను. ఆమె భోరుమని ఏడ్చింది. లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేసి, పిల్లవాణ్ని తొట్టెలో వేసి ఊపడం మొదలుపెట్టాను. తొట్టె చుట్టూ వరసగా చిన్న గంటలు, మా ముసలామె బతికున్నప్పుడు ముచ్చటపడి కట్టించింది. లేచి నా పాత ధోవతి ఒకటి చింపి, ఒక్కొక్క గంటకూ గుడ్డ చుట్టాను. మా వాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కేకలు మానేశాడు.

"ఎంతసేపు కూసుంటవు బాపూ?" అన్నాడు చివరకు.

"నా పాళీ అయ్యేదాక. తర్వాత నీదే. పోయి మొఖం కడుక్కోని రా" అన్నాను.